సమ్మర్ కట్‌కి ముందు: పర్షియన్ పిల్లి ఉన్న ఇళ్లకు జాగ్రత్తలు

మార్చి వస్తే చాలు, "పిల్లికి సమ్మర్ కట్ (ఎండాకాలం కోసం బొచ్చు పొట్టిగా కత్తిరించడం) చేస్తారా" అని పెంపుడు జంతువుల బొచ్చు దువ్వి, కత్తిరించే మాలాంటి గ్రూమర్లకు ఫోన్లు మొదలవుతాయి. మమ్మల్ని పిలిచినా, మీరే చేసుకున్నా ఇవి చూసుకోండి.

• కుక్కల పిడుదుల మందు పిల్లికి వేయొద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. ఇంట్లో కుక్క కూడా ఉంటే, దానికి వేసిన మందు పూర్తిగా ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానివ్వకండి. డబ్బా మీద ఆ పేరు ఉందేమో చదవండి, షాపువాళ్ల మాట చాలదు.

• జడలు కట్టిన బొచ్చును కత్తెరతో కోయొద్దు. పిల్లి చర్మం బాగా పల్చన. ముడిని లాగితే చర్మమూ లేచి కత్తెరలో పడుతుంది, చంకల్లో మరీను. దువ్వెనకు లొంగకపోతే క్లిప్పరే (బొచ్చు తీసే మిషను).

• నోరు తెరిచి రొప్పితే వెంటనే ఆపేయండి. కుక్కకది మామూలే, పిల్లికి కాదు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికే.

• బాల్కనీ తలుపు మూసి మొదలుపెట్టండి. బెదిరితే దూకేస్తుంది.

• నున్నగా గుండు వద్దు. కిటికీలో ఎండ కాగే పిల్లికి చర్మం కాలుతుంది.

• రెండో పిల్లి ఉంటే కాసేపు వేరే గదిలో ఉంచండి. షాంపూ వాసనకు తోటి పిల్లిని గుర్తుపట్టక బుస్సుమంటుంది. స్నానమైనదానికి తన పాత వాసన మళ్లీ పట్టేలా దాని పాత దుప్పటి మీదే పడుకోనివ్వండి, ఆ దుప్పటి మాత్రం ఆరోజు ఉతక్కండి.