గ్లాస్గోలో స్కాటిష్ సంప్రదాయ సంగీత డిగ్రీ: ఆడిషన్‌కు సిద్ధమయ్యే తెలుగు పిల్లలకు, తల్లిదండ్రులకు

స్కాట్లాండ్ ప్రభుత్వ బడుల్లో 2021 నుంచి వాయిద్య శిక్షణకు రుసుము లేదు. కాబట్టి బడిలో ఫిడిల్ (వయొలిన్‌కే ఇక్కడి వాడుక పేరు) పట్టిన మన పిల్లలెవరైనా ‘డిగ్రీలో ఇదే చదువుతాను’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంజినీరింగా, సంగీతమా అన్న తగవు మీ ఇంట్లోనే తేల్చుకోండి. సంగీతం వైపు తేలితే మాత్రం కింది సంగతులు తెలిసి ఉండాలి.

మొదటిది గడువు. మెడిసిన్ దరఖాస్తుకు అక్టోబరు 15 అని నిద్రలో లేపి అడిగినా చెప్పే తల్లిదండ్రులు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు. మామూలు డిగ్రీలకు యూకాస్‌లో, అంటే యూకే డిగ్రీ దరఖాస్తులు తీసుకునే సంస్థలో, జనవరి దాకా సమయం ఉంటుంది. సంగీతానికి దారి వేరు: యూకాస్ కన్సర్వటోర్స్ అనే విడి దరఖాస్తు, అక్టోబరు మొదటి రోజుల్లోనే ముగిసే గడువు, దరఖాస్తు రుసుముతోపాటు ఆడిషన్ రుసుము. రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టుకోవచ్చు కనుక ఇంట్లో తగవు తేలకపోయినా ఇది పంపేయండి.

గ్లాస్గోలోని రాయల్ కన్సర్వటోర్ ఆఫ్ స్కాట్లాండ్‌లో స్కాటిష్ సంగీతానికి ప్రత్యేక డిగ్రీ 1996లో మొదలైంది. ఇప్పుడది నాలుగేళ్ల బీమ్యూజ్, అంటే సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ. ఫిడిల్, అకార్డియన్, క్లార్సాఖ్ అనే హార్ప్, ఫ్లూట్, స్కాట్లాండ్ భాషలైన గేలిక్‌లో పాట, స్కాట్స్‌లో పాట, ఇలా ఏదో ఒకటి ప్రధానంగా తీసుకుంటారు. బ్యాగ్‌పైప్ వారికి నేషనల్ పైపింగ్ సెంటర్‌తో కలిసి నడిపే వేరే డిగ్రీ ఉంది. పైపుకు తొమ్మిదే స్వరాలు. పైగా నాదస్వరంలో లాగా నాలుకతో స్వరాన్ని ఆపే వీలు లేదు, సంచిలోంచి గాలి వస్తూనే ఉంటుంది. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో రెప్పపాటు మరో స్వరాన్ని తగిలించాలి. ఆ తగిలింపులు శుభ్రంగా పడుతున్నాయా లేదా అన్నది పైపర్లు ముందుగా వింటారు.

ఇక ఏం వాయించాలి? ఎన్ని అంశాలు, ఎన్ని నిమిషాలు అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. ఎంపికలో మాత్రం తేడా కనిపించాలి. రీల్స్ అనే వేగమైన నాట్యపు ట్యూన్లు మూడు వరసపెట్టి వాయిస్తే వేళ్లు చురుకైనవని తెలుస్తుంది, అంతే. ఒక స్లో ఎయిర్ (పాటలా నెమ్మదిగా సాగే ట్యూన్), ఒక మార్చ్ (కవాతు ట్యూన్), స్ట్రాత్‌స్పే (రీల్ కన్నా నిదానమైన స్కాటిష్ నాట్యపు ట్యూన్), దాని వెంట రీల్ అయితే మనిషి తెలుస్తాడు. అసలు పరీక్ష స్ట్రాత్‌స్పే దగ్గరే. పొట్టి స్వరం ముందు, పొడుగు స్వరం వెనుక వచ్చే ఆ విరుపు కమానులోంచి రావాలి. కాగితం చూసి లెక్కపెట్టి వాయిస్తే అది నడవదు. పెర్త్‌షైర్ వాడైన నీల్ గౌ (1727–1807), బాంకరీలో పుట్టిన జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) అనే ఫిడిల్ విద్వాంసుల పేర్లు తెలియకుండా ఫిడిల్ ఆడిషన్‌కు వెళ్లకండి. స్కిన్నర్ వాయించిన పాత రికార్డులు ఇప్పటికీ వినవచ్చు.

గ్రేడ్ పరీక్షల సర్టిఫికెట్ల ఫైలు మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. ఇక్కడ దానికి అంత విలువ లేదు. ‘ఈ ట్యూన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని అడుగుతారు, దానికి జవాబు ఉండాలి. ఒక ముక్క వాయించి వినిపించి, తిరిగి వాయించమని కూడా అనవచ్చు. ఎక్కువ ట్యూన్లలో ఎనిమిదేసి బార్ల (మన తాళంలో ఆవర్తం లాంటి కొలతల) భాగాలు రెండే ఉంటాయి. ఒక్కొక్కటి రెండుసార్లు వస్తే 32 బార్లు. మొదటి రెండు బార్లు తరచుగా మళ్లీ తలెత్తుతాయి కనుక వాటినీ, భాగం ముగిసే తీరునూ ముందు పట్టుకుంటే మిగిలింది అతుక్కుంటుంది. సాధనకు టోబర్ ఆన్ డూఅల్‌ఖిష్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైన స్కాటిష్ అధ్యయన కేంద్రం సేకరించిన రికార్డింగులు అందులో ఉచితంగా దొరుకుతాయి.

కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవారికి చెవితో పట్టుకునే ఈ పని కొత్తది కాదు. గురువు ఎదుట కూర్చుని సంగతి సంగతి పట్టుకున్న అలవాటే ఇక్కడ పనికొస్తుంది, దాన్ని దాచుకోకండి. ఇబ్బంది గమకాలతో. స్లో ఎయిర్‌లో స్వరాన్ని ఊపితే గుంటూరు యాసలో గేలిక్ మాట్లాడినట్టుంటుంది. కింద కూర్చుని మడమ మీద ఆనించే పట్టు కూడా మారాలి, దానికి నెలలు పడుతుంది. అయితే ఒక తమాషా ఉంది. 18వ శతాబ్దపు స్కాటిష్ ఫిడ్లర్లు కొన్ని ట్యూన్లకు తంతులను ఏ, ఈ, ఏ, ఈ అనే పాశ్చాత్య స్వరాలకు మార్చి శ్రుతి చేసేవారు. అది అచ్చంగా మన స-ప-స-ప. మాటల్లో సందర్భం వస్తే ఈ సంగతి ఎత్తండి. పాశ్చాత్య బాణీల మీద ముత్తుస్వామి దీక్షితర్ కట్టిన నొట్టుస్వరాలను స్కాటిష్ అంశంగా వాయించడం మాత్రం వద్దని నా సలహా.

వలయంగా కూర్చుని అందరూ కలిసి వాయించే సెషన్లకు వెళ్లకుండా ఈ సంగీతం ఒంటబట్టదు. గ్లాస్గోలో ఫినిస్టన్‌లోని బెన్ నెవిస్, ఎడిన్‌బరోలో శాండీ బెల్స్ అనే పబ్‌లు పేరున్న చోట్లు. పబ్ అని జంకకండి, నారింజ రసం తెచ్చుకున్నా ఎవరూ వింతగా చూడరు. పిల్లలను ఎన్ని గంటల దాకా రానిస్తారో మాత్రం ముందే ఫోను చేసి కనుక్కోండి. మొదట్లో వలయానికి కాస్త బయట కూర్చుని వినండి. తెలియని ట్యూన్‌లో వేలు పెట్టకండి, అడగకుండా రికార్డు చేయకండి. ‘నువ్వొకటి మొదలుపెట్టు’ అని వారే అంటారు. అప్పుడు వాయించడానికి బాగా వచ్చిన రెండు ట్యూన్లు సిద్ధంగా ఉంటే చాలు.

ఆడిషన్ చలికాలంలో పడితే గంట ముందే చేరుకోండి. గడ్డకట్టిన వేళ్లతో బర్ల్ అనే ఆ మెరుపు కమాను పలకదు. చలిలోంచి హీటర్ గదిలోకి వచ్చిన ఫిడిల్ శ్రుతి కూడా జారుతుంది. రెన్‌ఫ్రూ వీధిలోని భవనానికి క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచీ, బుకానన్ బస్ స్టేషన్ నుంచీ నడిచే వెళ్లవచ్చు.

ఫీజు విషయం మీ వీసాను, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్కాట్లాండ్ విద్యార్థిగా అర్హత ఉంటే డిగ్రీ ఫీజు ఏడాదికి 1,820 పౌండ్లు సాస్ అనే ప్రభుత్వ సంస్థే కడుతుంది. లేకపోతే యూకేలోని మిగతా ప్రాంతాల వారి ఫీజో, విదేశీ విద్యార్థి ఫీజో పడుతుంది, అది ఎన్నో రెట్లు ఎక్కువ. దరఖాస్తుకు ముందే సాస్‌నూ, కళాశాలనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో విద్యార్థి వీసా మీద వచ్చేవారు ఇంకొకటి గమనించాలి: ఆ వీసా మీద సొంతంగా కచేరీలు ఒప్పుకుని డబ్బు తీసుకోవడం నిషిద్ధం. పెళ్లిలో వాయించి కవరు అందుకున్నా నిబంధన మీరినట్టే. కోర్సులో భాగంగా చేసే ప్రదర్శనల సంగతి వేరు, వాటి వివరాలు కళాశాల వీసా విభాగం చెబుతుంది.