టెయిల్ లైట్లకు ఎల్ఈడీలు వేస్తున్నారా? రెసిస్టర్ కలిపే ముందు ఇవి చూసుకోండి

ఎల్ఈడీ పాత బల్బు కన్నా చాలా తక్కువ కరెంటు లాగుతుంది. దాంతో కారు బల్బు పోయిందనుకుని ఇండికేటర్‌ను గబగబా కొట్టిస్తుంది. ఆ లోటు పూడ్చడానికే ఈ రెసిస్టర్. దాన్ని ప్లాస్టిక్‌కు, కార్పెట్‌కు, వైర్ల కట్టకు ఆనించొద్దు. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. 6 ఓమ్‌ల రెసిస్టర్ 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్ల వేడి. ఇంజిన్ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. పైన 50 వాట్లు అని రాసి ఉన్నా, లోహానికి బిగించినప్పుడే అంత తట్టుకుంటుంది. బాడీ రేకుకు స్క్రూలతో బిగించండి. డబుల్ టేప్ వేడికి కరిగి ఊడిపోతుంది, ప్లాస్టిక్ కేబుల్ టై కూడా నమ్మకం కాదు.

బ్రేక్ లైట్ వైరుకు అవసరమైతేనే పెట్టండి. ఇండికేటర్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి కాస్త చల్లారుతుంది. ట్రాఫిక్‌లో బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చుంటే రెసిస్టర్‌కు ఊపిరాడదు.

బల్బుకు సమాంతరంగా కలపాలి: ఒక కొస ఇండికేటర్ వైరుకు, రెండోది ఎర్త్‌కు. వరుసలో కలిపితే లాగే కరెంటు పెరగదు, కాబట్టి ప్రయోజనం ఉండదు.

వైరు రంగును నమ్మొద్దు. ఇండికేటర్ వేసి, మల్టీమీటర్‌లో రీడింగ్ లేచి పడుతున్న వైరు ఏదో చూడండి.

కోసే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

ఎల్ఈడీ వెలగకపోతే కంగారు వద్దు, తిప్పి పెట్టి చూడండి. రెసిస్టర్‌కు ప్లస్, మైనస్ లేవు, ఎల్ఈడీకి ఉన్నాయి.

మూత బిగించే ముందు పది నిమిషాలు హజార్డ్ లైట్లు వేసి ఉంచండి. తర్వాత రెసిస్టర్‌ను వేలితో మాత్రం ముట్టుకోకండి, బొబ్బ ఖాయం (నాకు తెలుసు).

మీ కారులో ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే స్విచ్) విడిగా ఉంటే, ఎల్ఈడీకి సరిపోయే రిలే మార్చుకోవడమే నయం. అసలు ఈ వేడి గొడవే ఉండదు.