సాలెగూడు ఫోటోకి ముందు నల్ల గొడుగు కొనండి

మాది గుత్తి. పెళ్లయ్యాక బెంగళూరు, జయనగర్. తీరిక దొరికితే పొద్దున్నే లాల్‌బాగ్‌కి, అప్పుడప్పుడు బన్నేరుఘట్టలో సీతాకోకచిలుకల పార్కుకి వెళ్తుంటాను. అందరూ పూల వైపు ఫోన్లు తిప్పుతుంటే నేను కంచె మూలల్లో సాలీళ్లను వెతుక్కుంటాను. నా ఫోటోలు చూసినవాళ్లు మొదట అడిగేది "ఏ కెమెరా? మాక్రో లెన్స్ ఎంతయింది?" అని. చిన్న వాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే ఆ లెన్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక గొడుగు కొనండి. నల్లదే కొనండి, పూలపూల గొడుగు పనికిరాదు.

ఎందుకంటే మనకి కనబడేది సాలెదారం కాదు, దాని మీద పడి మెరిసే వెలుగు. గూడు వెనక తెల్లటి ఆకాశమో, ఎండ పడిన గచ్చో ఉంటే ఎంత ఖరీదైన కెమెరాకైనా గూడు మాయమైపోతుంది. వెనక చీకటిగా ఉండి, ఎండ గూడు వెనక నుంచి ఏటవాలుగా మన వైపు వస్తుంటే ప్రతి పోగూ వెలుగుతుంది. కాబట్టి గూడు కనబడగానే ఫోన్ తీయకండి. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఏదో ఒక చోట దారాలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి, అక్కడ ఆగండి. ఆ కోణంలో వెనక చెట్టు మొదలో, నీడలో ఉన్న పొదో ఉంటే మీ అదృష్టం. లేకపోతే గొడుగు విప్పించండి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా ఆయనది. గూటికి రెండు మూడడుగుల వెనక పట్టుకోవాలి. గూటిని కొమ్మలకు కట్టిన పొడవాటి దారాలకు తగలకూడదు, గూటి మీద పడే ఎండకి అడ్డం రాకూడదు. ఆయన కాఫీ గురించి ఆలోచించడం మొదలుపెట్టేసరికి గొడుగు వాలిపోతుంది, అది వేరే సంగతి.

వెనక అంత నలుపు చూసి కెమెరా కంగారుపడి ఫోటోని తెల్లగా చేసేస్తుంది. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద గూడు కనబడే చోట వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. కెమెరాలో అయితే ఫోటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటి దగ్గర మొదలుపెట్టండి. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అపెర్చర్ నేను ఎక్కువగా ఎఫ్/8 వాడతాను. గాలి లేకపోతే షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు, ఉంటే 1/500. గాలి మరీ ఎక్కువుంటే బెంచీ మీద కూర్చుని శనగలు తినడమే మేలు.

ఇక ఫోకస్. ఆటో ఫోకస్ సన్నటి దారాన్ని వదిలేసి వెనకున్న చెట్టును పట్టుకుంటుంది. కెమెరాలో మాన్యువల్‌కి మార్చుకుని, మీరే కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊగుతూ దారాలు స్పష్టంగా కనబడిన క్షణంలో నొక్కండి. ఫోన్‌లో అయితే గూటికి ఎంత దూరంలో ఉన్నారో అంతే దూరంలో పక్కన మీ వేలు పెట్టి, దాని మీద ఫోకస్ లాక్ చేసి, అప్పుడు గూటి వైపు తిప్పండి. లెన్స్ ముందరి గాజు గూటికి సమాంతరంగా ఉండాలి. దగ్గర నుంచి తీసేటప్పుడు స్పష్టత కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, కాస్త వాలినా సగం గూడు మసకైపోతుంది.

వేళ గురించి. గుండ్రటి గూళ్లు అల్లే సాలీళ్లు చాలావరకు రాత్రిపూటో తెల్లవారుజామునో గూటిని కొత్తగా అల్లుకుంటాయి. పొద్దున చూస్తే చెక్కుచెదరకుండా ఉంటుంది, మధ్యాహ్నానికి చిరుగులు పడతాయి. వానలు తగ్గాక సాలీళ్లు బాగా పెరిగి కనబడతాయి. మంచు బిందువులు కావాలంటే డిసెంబరు, జనవరిలో లాల్‌బాగ్ గేటు తీయగానే లోపలుండాలి. అప్పుడు పచ్చిక మీద చిన్న చిన్న తెల్ల దుప్పట్లు పరిచినట్టు కనబడతాయి. అవి హిప్పాసా జాతి సాలీళ్ల గూళ్లు. ఒక అంచున గరాటులాంటి బొరియ ఉంటుంది, సాలీడు దాని మూతి దగ్గరే కూర్చుంటుంది. అడుగు గట్టిగా వేస్తే అదురు తెలిసి లోపలికి దూరిపోతుంది. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకి దగ్గరగా వస్తుంది, మోకాళ్లు కూడా కాస్త మిగులుతాయి.

స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి "మంచు" తెప్పించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బరువుకి గూడు జారుతుంది, ఫోటోలో ఆ మోసం తెలిసిపోతుంది కూడా. దారాలు తెల్లగా కనబడాలని పిండి చల్లేవాళ్ల గురించి ఇక చెప్పను. "శివుడికి గుడి కట్టిన జీవి, దాని జోలికి పోవద్దు" అంటుంది మా అమ్మ, శ్రీకాళహస్తి కథ గుర్తుచేసి. నా కారణాలు వేరైనా మాట ఒకటే.

మొదటిసారి తీసేవాళ్లకి నేను చూపించేది ఆర్జియోపిని. సిగ్నేచర్ స్పైడర్ అంటారు. గూటి మధ్యలో తల కిందికి పెట్టి, ఎనిమిది కాళ్లనూ జతలు జతలుగా కలిపి ఇంటూ గుర్తులా కూర్చుంటుంది. గూట్లో తెల్లటి వంకరటింకర పట్టీ అల్లుతుంది. అది పురుగుల్ని రప్పించడానికో, పక్షుల్ని దూరం పెట్టడానికో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు. మీ నీడ పడితే గూటిని ఊపేస్తుంది, లేదా అవతలి వైపుకి మారిపోతుంది. కదలకుండా నిలబడితే సర్దుకుంటుంది. వెనక వెలుతురులో సాలీడు ఒట్టి నల్ల బొమ్మలా వస్తుంది కాబట్టి ఒక తెల్ల కాగితం మీ వైపు నుంచి పట్టుకోండి. ఆ కాస్త వెలుగుకే వీపు మీది పసుపు పట్టీలు కనబడతాయి. గూటి అంచులు కూడా చూడండి, మగది చాలా చిన్నగా అక్కడెక్కడో ఉంటుంది.

గెంతే సాలీళ్లతో గూటి గొడవ లేదు. అవే తిరిగి మనల్ని చూస్తాయి. ముందున్న రెండు పెద్ద కళ్ల మీద ఫోకస్ పడితే చాలు, వెనక వైపు మసకైనా ఫర్వాలేదు.

బన్నేరుఘట్ట పార్కు మంగళవారం సెలవు. అక్కడ సీతాకోకచిలుకల గుమ్మటంలోకి ఏసీ కారు దిగి నేరుగా వెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కెమెరాను కాసేపు బయటి గాలికి అలవాటు పడనివ్వండి, తుడుస్తూ కూర్చుంటే గీతలే మిగులుతాయి. నాకు గుమ్మటం లోపలికంటే బయటి దారి పక్క పొదల్లోనే సాలీళ్లు ఎక్కువ దొరికాయి.

ఏ ప్రదర్శనలోనైనా గాజుపెట్టెలో సాలీడు ఉంటే ఫ్లాష్ ఆపేయండి. లెన్స్‌కి మెత్తటి రబ్బరు హుడ్ తగిలించి గాజుకి ఆనించండి. ఫోన్ అయితే నేరుగా ఆనించి చుట్టూ అరచేయి అడ్డం పెట్టండి. లేత రంగు బట్టలు వేసుకుంటే మీ చొక్కానే గాజులో పడుతుంది. ముదురు రంగు వేసుకెళ్లండి. గాజు మీద తట్టి సాలీడును కదిలించడం మాత్రం వద్దు.

చివరగా జీపీఎస్, అంటే ఎక్కడ తీశామో ఫోటోలో నమోదు చేసేది. మా గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన సాలీడు ఒకటుంది, పొయెసిలోథీరియా మెటాలికా. నీలి రంగు టరాంటులా, అంటే బొచ్చు ఉన్న పెద్ద సాలీడు. 1899లో గుత్తి దగ్గర దొరికిన దాన్ని చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్లకి గాని నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ జాడ దొరకలేదు. ఇప్పుడది అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవుల జాబితాలో ఉంది. అడవి నరికివేతతోపాటు పెంపకం కోసం ఎత్తుకెళ్లేవాళ్లు కూడా దానికి శత్రువులే. కాబట్టి అరుదైనది కనబడితే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపి తీయండి. ఇప్పటికే తీసేసి ఉంటే షేర్ చేసేముందు ఫోటో వివరాల్లోకి వెళ్లి తొలగించండి. పోస్టులో జిల్లా పేరు చాలు, ఏ చెట్టో చెప్పక్కర్లేదు.