బుల్లి కుక్కకు చేతినిండా పని – మూడో పాఠం: అరచేతిని ముక్కుతో తాకించడం

పోయిన పాఠంలో "ఎస్" అన్న మాట వినిపిస్తే ట్రీట్ (మెచ్చుకోలుగా ఇచ్చే చిరుతిండి) వస్తుందని మీ పాపిల్లాన్ అనే బుల్లి జాతి కుక్కకు అలవాటు చేశాం కదా, ముందు అది ఎక్కిందో లేదో చూసుకోండి. అది ఎటో చూస్తున్నప్పుడు మామూలు గొంతుతో "ఎస్" అనండి. తల టక్కున మీ వైపు తిరిగితే ఈ పాఠంలోకి వచ్చేయొచ్చు. తిరగకపోతే ఇంకో రెండు రోజులు పాత పాఠమే చేయండి, తొందరేం లేదు.

చూడ్డానికి ఇది 3 నుంచి 5 కిలోల కుక్క, ఎత్తు 28 సెంటీమీటర్లు దాటదు. అందుకే ఒళ్లో పడుకునే జాతి అనుకుని తెచ్చుకునేవాళ్లు చాలామంది. తీరా చూస్తే ఇల్లంతా చుట్టబెడుతుంది, కర్టెన్లు లాగుతుంది, కిటికీ దగ్గర కాపలా కాస్తుంది. అప్పుడు అందరూ చేసే పని గంటసేపు బంతి విసరడం. బంతి ఆట చెడ్డదని అనను గానీ, అదొక్కటే పెట్టుకుంటే కుక్కకు దమ్ము పెరుగుతుంది తప్ప దుడుకు తగ్గదు, రేపు ఇంకో పావుగంట ఎక్కువ అడుగుతుంది. ఈ జాతికి కావాల్సింది బుర్రకు పని. రెండు మూడు నిమిషాలు ఆలోచిస్తే కలిగే అలసట చాలా పరుగుల వల్ల కూడా రాదు.

సరే, పనిలోకి వద్దాం. నేల మీద కూర్చోండి. ఇంత చిన్న కుక్క మీదకి నిలబడి వంగితే దానికి బెదురు. ట్రీట్లు ఒక చేత్తో వీపు వెనక పెట్టుకుని, రెండో చేయి ఖాళీగా, అరచేయి దాని వైపు తిప్పి, ముక్కు ఎత్తులో రెండు అంగుళాల దూరంలో పెట్టండి. ఏమీ అనకండి. అదేంటో చూద్దామని వాసన చూడటానికి వస్తుంది, ముక్కు తగిలిన క్షణంలో "ఎస్", వెంటనే ట్రీట్. చేయి తీసేయండి, మళ్లీ పెట్టండి. ఐదారు సార్లు బాగా చేసిందంటే ఆపేయండి, ఇంకా కావాలని అది మీ మొహంలోకి చూస్తున్నప్పుడే ఆపాలి. రోజుకు ఇలా మూడు నాలుగు విడతలు చాలు.

ముక్కుకు బదులు పంజాతో కొడితే చేయి కొంచెం పైకి జరపండి. అసలు పట్టించుకోకపోతే అరచేతికి ట్రీట్ ఒకసారి రుద్ది చూడండి. "టచ్" అన్న మాట మాత్రం ఇప్పుడే వద్దు. చేయి పెట్టగానే తడుముకోకుండా వచ్చి తాకుతున్నప్పుడు, చేయి చాపబోయే ముందు ఒక్కసారి అనండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, "టచ్ టచ్ టచ్" అని జపం చేస్తారు, కుక్క దాన్ని ఇంట్లో వినిపించే ఇంకో చప్పుడుగా లెక్కేస్తుంది.

ట్రీట్ సైజు బఠాణీలో సగం. 4 కిలోలుండే ఎదిగిన కుక్కకు రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 250–300 కేలరీలు, ట్రీట్లు అందులో పదో వంతు దాటకూడదు, అంటే 25–30 కేలరీలే. అందుకే రోజూ పెట్టే పొడి డాగ్ ఫుడ్‌లోంచే కొన్ని గింజలు పక్కకు తీసి వాడండి. పిల్ల అయితే ఖాళీ కడుపుతో పాఠం పెట్టొద్దు, బుల్లి జాతుల పిల్లలకు రక్తంలో చక్కెర ఇట్టే పడిపోతుంది. తూలుతూ, వణుకుతూ, నీరసంగా కనిపిస్తే చిగుళ్లకు కాస్త చక్కెర నీళ్లు రాసి నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తాకడం వచ్చాక అసలు సరదా మొదలవుతుంది. మీ అరచేయి ఎక్కడుంటే అది అక్కడికి వస్తుంది కాబట్టి కుర్చీ చుట్టూ తిప్పొచ్చు, మీ కాళ్ల మధ్య నుంచి రప్పించొచ్చు, రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలోంచి దూర్చొచ్చు. నేల మీద కర్ర పెట్టి దాటించొచ్చు కూడా, కానీ ఇక్కడ కాస్త చాదస్తంగానే ఉండండి. ఏడాది నిండని పిల్లకు కర్ర నేలకే ఆని ఉండాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పెట్టే అజిలిటీ (అడ్డంకులు దాటే పరుగు) పోటీల్లోనే 11 అంగుళాల లోపు కుక్కలకు మామూలు తరగతిలో పెట్టేది 8 అంగుళాల గెంతు, ఇంట్లో అంతకన్నా ఎత్తు ఎందుకు? ఆ సన్నని ముందరి కాళ్లు సోఫా మీంచి దూకినా విరగొచ్చు. సోఫా పక్కన ఒక మెట్టు పెట్టి, దిగేటప్పుడు అరచేయి చూపించి మెట్టు మీదుగానే రప్పించండి. నున్నటి గచ్చు అయితే కింద చాప వేయాలి. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి పైకెత్తి నాలుగడుగులు గెంతి, ఏమీ జరగనట్టు మళ్లీ మామూలుగా నడిచిందా? ముద్దుగా ఉందని వీడియో తీసి ఊరుకోకండి, మోకాలి చిప్ప పక్కకు జారుతుండొచ్చు. ఆ వీడియోనే డాక్టర్‌కి చూపించండి.

ఇదే విద్య దువ్వేటప్పుడూ పనికొస్తుంది. ఒక చేతిని ముక్కుతో తాకిస్తూ రెండో చేత్తో చెవి వెనక వెంట్రుకలు ఒకసారి నిమరండి, ట్రీట్ ఇవ్వండి. ఈ జాతికి లోపలి బొచ్చు పొర ఉండదు కాబట్టి చూసినంత చాకిరీ ఏం ఉండదు, చిక్కులు పడేది ఎక్కువగా చెవుల వెనక, తొడల వెనక. పళ్లు తోమడం ఐదో పాఠంలో చూద్దాం. ఈలోగా మనుషుల టూత్‌పేస్ట్ జోలికి పోవద్దు, కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం.

విడత అయిపోగానే కుక్కను అలాగే వదిలేయకండి, అదే హుషారులో ఇల్లు పీకి పందిరేస్తుంది. దాని చాప పరిచి, పక్కన కూర్చుని, ఒక్కో గింజ నెమ్మదిగా చాప మీద పెట్టండి. ఇక్కడ "ఎస్" వాడొద్దు, ఆ మాట దాన్ని లేపుతుంది. పడుకుంటే గింజల మధ్య వ్యవధి పెంచుతూ పోండి.

ఈ వారం పని: మొదట గదిలో, తర్వాత వంటింట్లో, ఆ తర్వాత తెరిచిన తలుపు దగ్గర లీష్ (పట్టుకునే తాడు) కట్టి చేయించండి. తలుపు దగ్గర తాకకపోతే రెండడుగులు లోపలికి జరగండి. వచ్చే పాఠానికి మెత్తటి వై ఆకారపు హార్నెస్ (మెడకు కాకుండా ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) ఒకటి కావాలి, మెడ పట్టీ లాగితే ఇంత చిన్న కుక్క శ్వాసనాళం మీద ఒత్తిడి పడుతుంది. కానీ ఇప్పుడే తొడగొద్దు, దాని పడక పక్కన పడేసి ఉంచండి, వాసన చూసుకోనివ్వండి.