ఒక ఎంబీలో ఫైల్ సిస్టమ్‌ని విప్పి చూడటం

బొమ్మలు ఎన్ని చూసినా ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) నాకు బుర్రకెక్కలేదు. బైట్లు చూశాకే ఎక్కింది. మీరూ అలాగే చూడండి.

లైనక్స్‌లో డీడీ (బైట్లను కాపీ చేసే) కమాండ్‌తో 1 ఎంబీ ఖాళీ ఫైల్ తయారుచేసి, దాన్నే ఈఎక్స్‌టీ2 (లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లలో ఒకటి) గా ఫార్మాట్ చేయండి. బ్లాక్ (డేటా పెట్టే ఒక్కో ముక్క) సైజు 1024 బైట్లు, ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలు దాచే రికార్డు) సైజు 128 ఇవ్వండి. అసలు డిస్కు జోలికి మాత్రం పోవద్దు. నేను ఒకసారి డ్రైవ్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టి పెన్‌డ్రైవ్ మొత్తం ఊడ్చేశాను.

హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను 16 ఆధారంగా ఉండే హెక్స్ అంకెల్లో చూపే ప్రోగ్రామ్) తెరిస్తే మొదటి 1024 బైట్లు సున్నాలే. బూట్ కోడ్ కోసం వదిలిన చోటది. ఆ వెంటనే సూపర్‌బ్లాక్: బ్లాకులెన్ని, ఐనోడ్లెన్ని, ఖాళీ ఎంత. సున్నా నుంచి లెక్కపెడితే 1080వ బైట్ దగ్గర 53, ఈఎఫ్ కనిపించాలి. అదే ఈఎక్స్‌టీ2 ముద్ర. కనిపించకపోతే ఫార్మాట్ కాలేదన్నమాట. తర్వాత గ్రూప్ డిస్క్రిప్టర్ (మిగతావి ఎక్కడున్నాయో చెప్పేది), రెండు బిట్‌మ్యాపులు (ఒకటి బ్లాకులకి, ఒకటి ఐనోడ్లకి), ఐనోడ్ టేబుల్ వస్తాయి. బిట్‌మ్యాప్‌లో 1 అంటే వాడుకలో ఉంది, 0 అంటే ఖాళీ, అంతే.

అసలు మజా ఐనోడ్‌లో ఉంది. 13 కేబీ ఫైల్ ఒకటి తీసుకోండి (సున్నాలతో కాదు, ఏదో ఒక అక్షరంతో నింపండి). డీబగ్‌ఎఫ్ఎస్‌ని (ఫైల్ సిస్టమ్ లోపల చూసి మార్చే ప్రోగ్రామ్) రాయడానికి వీలుండే మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్‌ని లోపలికి ఎక్కించండి. లాస్ట్ ప్లస్ ఫౌండ్ (ఫార్మాట్ చేసినప్పుడే వచ్చే ఫోల్డర్) 11వ ఐనోడ్ తీసుకుంది కాబట్టి దీనికి 12 వస్తుంది. ఇప్పుడు ఆ ఫైల్ మీద స్టాట్ (ఐనోడ్ వివరాలు చూపే కమాండ్) కొట్టండి. ఐనోడ్‌లో బ్లాక్ నంబర్లకు 15 గళ్లుంటాయి. మొదటి 12 నేరుగా డేటా బ్లాకుల్నే చూపిస్తాయి, అంటే 12 కేబీ. మిగిలిన 1 కేబీ కోసం 13వ గడి ఇంకో బ్లాక్‌ని చూపిస్తుంది, అందులో ఉండేవి నంబర్లే, 256 దాకా పడతాయి. అందుకే ఈ ఫైల్‌కి 13 కాదు, 14 బ్లాకులు ఖర్చు. స్టాట్ 28 అంటే కంగారు పడకండి, అది 512 బైట్ల లెక్కలో చెప్తుంది.

ఐనోడ్ అంతా గాలించినా ఫైల్ పేరు దొరకదు. నేను చాలాసేపు వెతికాను. పేరు ఉండేది డైరెక్టరీలో, అంటే ఫోల్డర్‌లో. రూట్ డైరెక్టరీ 2వ ఐనోడ్, దాని డేటా బ్లాక్‌కి వెళ్లండి. ఒక్కో ఎంట్రీలో ఐనోడ్ నంబర్ 4 బైట్లు, ఎంట్రీ పొడవు 2, పేరు పొడవు 1, రకం 1, ఆ తర్వాత పేరు.

ఇప్పుడు ఆ ఫైల్‌ని డిలీట్ చేసి అదే బ్లాక్ మళ్లీ చూడండి. పేరు ఎక్కడికీ పోలేదు. దాని ముందున్న ఎంట్రీ పొడవు పెరిగి, దీన్ని కూడా తనలో కలిపేసుకుంది.