పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందు ఇంట్లో ఏమేం చేసుకోవాలి?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మావాడు మేడ మెట్ల మీద కూర్చుని నా ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడు. వాడు చదివేది ఏడో తరగతి. కాసేపటికి వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నీ ఫోన్‌కు ఆరంకెల నంబర్ ఒకటొచ్చింది. అన్నకు చెప్పేదా?" అన్నాడు. ఆ అన్నెవరో మాకు తెలీదు. గేమ్ చాట్‌లో పరిచయమయ్యాడట, ఓటీపీ చెబితే గేమ్‌లో వాడుకునే డైమండ్లు ఫ్రీగా పంపిస్తానన్నాడట. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది నాకు.

చెప్పకముందే నన్ను అడిగాడు కాబట్టి సరిపోయింది. అంతకు వారం ముందే వాడికొక మాట ఇచ్చి ఉన్నాను. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కడే.

1. ముందు మాట ఇవ్వండి

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చెప్పండి: "ఫోన్‌లో ఏం జరిగినా నాతో చెప్పు. తప్పు నీదైనా సరే, తిట్టను, ఫోన్ లాక్కోను. 'మీ అమ్మకు చెప్పొద్దు' అని ఎవరైనా అన్నారంటే, ముందు ఆ సంగతే నాకు చెప్పాలి." ఇచ్చిన మాట తప్పొద్దు. ఒక్కసారి అరిచామంటే రెండోసారి చెప్పరు. బెదిరించేవాళ్లు ఆడుకునేది ఆ భయంతోనే.

2. ఒక ఆదివారం సెట్టింగులకు కేటాయించండి

అరగంట చాలు. పిల్లలకు విడిగా ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి. కొత్త యాప్ ఏది వేసుకోవాలన్నా మీ అనుమతి అడుగుతుంది. రోజుకు ఎంతసేపు చూడాలో, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ కావాలో కూడా అందులోనే పెట్టొచ్చు. వాట్సాప్ ప్రైవసీలోకి వెళ్లి, గ్రూపుల్లో చేర్చడం, ప్రొఫైల్ ఫొటో చూడటం రెండింటికీ 'మై కాంటాక్ట్స్' ఎంచుకోండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, అంటే ఓటీపీతో పాటు మీరు పెట్టుకున్న పిన్ కూడా అడుగుతుంది. అప్పుడు ఓటీపీ ఒకటే దొరికితే మీ వాట్సాప్ వాళ్ల చేతికి పోదు.

చాలా ఇళ్లలో పిల్లలు ఆడుకునేది అమ్మ ఫోన్‌తోనే. అలాగైతే డబ్బులు పంపే యాప్‌లకు లాక్ పెట్టండి, యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి. డబ్బులు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదని మాత్రం వాళ్లకు తప్పకుండా నేర్పండి.

3. గ్యాలరీ ఖాళీ చేయండి

తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాల దర్శనం టికెట్లు మన మెడకే. మూడొందల రూపాయల టికెట్ బుక్ చేయమని ఇంటిల్లిపాది ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తారు. ఒకరోజు నా గ్యాలరీ చూస్తే చిత్తూరు పిన్నివాళ్లవి, పలమనేరు వదినవాళ్లవి కలిపి ఇరవై పైగా ఆధార్ కార్డులున్నాయి. ఆ ఫోనే కదా పిల్లాడి చేతిలో ఉండేది! ఇప్పుడు పేరు, వయసు, కార్డు నంబర్ ఫోన్ చేసి అడిగి కాగితం మీద రాసుకుంటున్నా, పని కాగానే ఆ కాగితం చించేస్తున్నా. టికెట్ల పేరుతో దొంగ సైట్లూ ఉన్నాయి. అడ్రసు చివర 'ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్' ఉందా లేదా అన్నది పిల్లల్నే చూడమనండి. వాళ్లకూ అలవాటవుతుంది.

ఫొటోలు పెట్టేటప్పుడూ అంతే. స్కూల్ బ్యాడ్జి, ఐడీ కార్డు కనిపించేవి స్టేటస్‌లో వద్దు. పుట్టు వెంట్రుకలు తీయించిన రోజు బిడ్డకు నీళ్లు పోసే ఫొటోలు మనకు ముద్దే, కానీ బట్టల్లేని పసిబిడ్డ ఫొటో ఎవరి చేతికి పోతుందో మన అదుపులో ఉండదు. అది ఇంట్లో ఆల్బమ్‌లోనే ఉండనీండి.

4. జరగరానిది జరిగితే

చాట్ డిలీట్ చేయొద్దు. ముందు అవతలివాళ్ల నంబర్, ఐడీ, మెసేజ్‌లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. బెదిరించి డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా పంపకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు.

డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల అసభ్య ఫొటోలు, వీడియోల గురించి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. 18 ఏళ్లలోపు వాళ్ల నగ్న ఫొటోలు బయటికి పోతాయన్న భయముంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. అందులో చేరిన సోషల్ మీడియా సంస్థలు ఆ గుర్తుతో ఫొటోను వెతికి తీసేస్తాయి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది. అబ్బాయి కదా అని విషయం దాచొద్దు.

5. అవ్వాతాతల్ని మర్చిపోవద్దు

పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరిస్తే ఫోన్ పెట్టేయమని చెప్పండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మా ఇంట్లో అవ్వకు ఇది నేర్పే పని మావాడికే అప్పజెప్పాను. వాడు పోలీసు గొంతు పెట్టి ఫోన్ చేస్తాడు, అవ్వ "పెట్టేయ్‌రా ఫోను!" అంటుంది. టీటీడీ క్యాలెండర్ పక్కన 1930, 1098 అని అవ్వకు అద్దాలు లేకున్నా కనిపించేంత పెద్దగా రాసి అంటించింది కూడా వాడే.