ఫైరింజన్ ఎక్కలేని కొండ వీధుల్లో అగ్ని జాగ్రత్తలు చెప్పాలంటే ఎలా?

విజయవాడలో చిట్టినగర్, విద్యాధరపురం, మొగల్రాజపురం వైపు కొండల మీద ఇళ్లు చూసినవాళ్లకి సంగతి తెలుసు. అక్కడ గ్యాస్ బండ భుజాన పెట్టుకుని మెట్లెక్కాల్సిందే. ఫైరింజన్ కింద రోడ్డు మీదే ఆగుతుంది. సిబ్బంది పైపులు మోసుకుని పైకి రావాలి. ఈలోపు ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు ఏం చేశారన్నదే అసలు లెక్క. అందుకే ఇలాంటి చోట వాలంటీరుగా పనిచేయాలనుకుంటే కరపత్రాలు పంచి వచ్చేస్తే చాలదు, ఒక్కో వంటింట్లోకీ వెళ్లాలి.

ముందు ఒక్క మెట్ల దారి ఎంచుకోండి

వార్డంతా తిరుగుదామని మొదలుపెడితే వారంలో నీరసం వస్తుంది. ఒక మెట్ల దారి, ముప్పై నలభై గడపలు చాలు. కాగితం మీద చేత్తో మ్యాప్ గీసుకోండి. ఏ ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు, ఎవరు మంచం దిగలేరు, మెట్లు ఎక్కడ ఇరుకు, నీళ్ల ట్యాంకు ఎక్కడుంది, కింద బండి ఎక్కడిదాకా రాగలదు... ఇవన్నీ అందులో ఉండాలి.

నేను మొదటిసారి ఫైలు పట్టుకుని వెళ్తే ఇంటి పన్ను కోసం వచ్చాననుకుని ఒకావిడ తలుపే తీయలేదు. రెండోసారి ఆ వీధి డ్వాక్రా గ్రూపు లీడర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. అప్పుడు తలుపు తీయనావిడే కాఫీ ఇచ్చింది. వార్డు సచివాలయంలో కూడా ఒక మాట చెప్పి ఉంచండి. మధ్యాహ్నం వంటపని అయ్యాక వెళ్తే జనం కాస్త తీరిగ్గా వింటారు.

వంటింట్లో ఏం చూడాలి

ముందు ట్యూబు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, గడువు ఉంటాయి, చదివి చూపించండి. ఐదేళ్లకోసారి మార్చాలన్న సంగతి చాలామందికి తెలీదు. కొందరు జిడ్డు పట్టకుండా ట్యూబుకి గుడ్డ చుడతారు. ఆ గుడ్డ కిందే పగుళ్లు దాక్కుంటాయి. లీకేజీ అనుమానం ఉంటే సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్ల గీయడం మాత్రం వద్దే వద్దు. బండ నిలువుగా ఉండాలి, స్టవ్ మాత్రం బండ కంటే ఎత్తులో ఉండాలి. బండ పైభాగంలో ఉండే అక్షరం, అంకె కూడా చదవడం నేర్పండి. సి-27 అంటే 2027 జూలై నుంచి సెప్టెంబర్ లోపు ఆ బండకి మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. ఈ చిన్న రహస్యం చెప్తే ఆడవాళ్లు వెంటనే తమ బండ తిప్పి చూసుకుంటారు, సంభాషణ అక్కడినుంచి మనదే.

గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలో నోటితో చెప్పి వదిలేయకండి, వాళ్ల చేతే చేయించండి. రెగ్యులేటర్ ఆపి ఊడదీయడం, బండకి దారంతో వేలాడే మూత బిగించడం, తలుపులు, కిటికీలు తెరవడం, బయటికి వచ్చేయడం. లైటు, ఫ్యాను స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నవి ఆపకూడదు కూడా. రెండింట్లోనూ నిప్పురవ్వ రావచ్చు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. కొండ మీద ఆ కిందన ఇంకో ఇల్లుంటుంది కదా, ఆ గడప వాళ్లనీ కేకేసి హెచ్చరించాలి. ఫోన్ బయటికి వచ్చాకే. గ్యాస్ లీకేజీకి 1906, మంటలకి 101 లేదా 112.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. నీళ్లు కాగిన నూనె అడుక్కి చేరి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని పైకి చిమ్ముతాయి. స్టవ్ ఆపి, పెద్ద మూత పక్కనుంచి జరిపి కప్పేయాలి. స్టవ్ వెలిగించకుండానే ఖాళీ మూకుడుతో ఇది ప్రాక్టీస్ చేయించండి. నిజం మంటతో డెమో మీరు చేయొద్దు, ఫైర్ స్టేషన్ వాళ్లనే అడగండి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం ప్రదర్శన కావాలంటే నెల ముందే వెళ్లి మాట్లాడుకోవడం మంచిది.

వంటింటి బయట

ఎలక్ట్రిక్ స్కూటర్ మెట్లెక్కదు కాబట్టి బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకుని, రాత్రంతా మంచం పక్కనే ఛార్జింగ్ పెడతారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే పడగ్గదిలో అలా పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. మెలకువగా ఉన్నప్పుడే, పడుకునే చోటికి, తలుపు దారికి దూరంగా పెట్టమనండి. ఒకే మల్టీప్లగ్‌కి కూలరూ ఇస్త్రీపెట్టె తగిలించడం ఇంకో జాడ్యం. కార్తీకమాసంలో అయితే దీపాల దగ్గర చీర కొంగు, కర్టెన్ల గురించి ఒక్క మాట చాలు.

ఒళ్లు కాలితే పేస్టు, పసుపు, ఐసు పెట్టకూడదు. ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయాలి. కుళాయి వచ్చే వేళ కాకపోతే బకెట్లోంచి చెంబుతో పోస్తూ ఉండాలి.

ఇన్ని చెప్పినా ఒక్కో ఇంట్లో ఆ రోజుకి ఒక్కటే అడగండి. "పిన్నిగారూ, ఈ ట్యూబు మార్పించండి, పదిహేను రోజుల్లో మళ్లీ వస్తా" అంటే చాలు. అన్నట్టుగానే వెళ్లండి. నేను చూసినంతలో మార్పు వచ్చేది రెండోసారి వెళ్లినప్పుడే.

ఆఖర్న అడ్రస్ రిహార్సల్

మంట మూకుడు దాటితే ఆర్పే ప్రయత్నం మానేసి అందరూ దిగిపోవాలి. ఇది గట్టిగా చెప్పండి. తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి ఫోన్లో అడ్రస్ చెప్పించండి. డోర్ నంబర్ చెప్తే కొండ మీద ఎవరికీ దారి దొరకదు. కింద ఏ రోడ్డు, ఏ గుడి పక్క మెట్లు, ఎన్నో మలుపు అన్నది తడుముకోకుండా రావాలి. మంట కనబడగానే కిందికి పరుగెత్తి రోడ్డు మీద నిలబడి సిబ్బందికి దారి చూపించే మనిషి ఎవరో ముందే అనుకోవాలి. మా వీధిలో ఈ పనికి ఇద్దరు పదో తరగతి పిల్లలు పోటీపడ్డారు. ఒకడు ట్యూషన్‌కి వెళ్తే ఇంకొకడు ఉంటాడని ఇద్దరి పేర్లూ మ్యాప్ మీద రాసేశాం.